చివరి పేరాలో ఎలుకలు

రొంపిచెర్ల,
నవంబరు 4.

డాక్టర్ షెర్లీ గారికి,

'నాగులేరు' దినపత్రిక రొంపిచెర్ల విలేకరి పుల్లారావు నమస్కారాలు. ఇరవై రెండేళ్ళుగా వార్తలు రాస్తున్నాను గానీ, ఒక వార్త అడగడానికి ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ పరిశోధన కేంద్రానికి మూడుసార్లు ఫోను చేశాను. మూడోసారి మీ అటెండరు మోయిన్ గారు తీశారు. "మేడం గారు పేపరోళ్ళతో ఫోన్లో మాట్లాడరండి, డైరెక్టరు గారి ఆర్డరు. ఏదన్నా ఉంటే కాయితం మీద రాసియ్యండి. సాయంత్రం నేను వచ్చేది మీ ఊరికే గదా, ఇచ్చిపుచ్చుకోటం నేను చూసుకుంటా" అన్నారు. అందుకే ఈ కాయితం.

మా ఊరి కాలువ కింద మాగాణుల్లో మీ వాళ్ళు ఇనప గొట్టాలు పాతి, వాటి మీద చెక్క పెట్టెలు బిగించారు. నేను పన్నెండు లెక్కపెట్టాను. పెట్టెకు ఒక పక్క గుండ్రటి రంధ్రం, కింద నంబరు, అంతే. మూడేళ్ళ నుంచీ ఉన్నాయట. మా రెండెకరాలూ మా ఆవిడే చూసుకుంటుంది, నేను అటు పోవడం తక్కువ. అందుకే నా కంట ఈ మధ్యే పడ్డాయి.

అవి ఏమిటని ఊళ్ళో అడిగితే తలా ఒక మాట చెప్పారు. సెల్ టవరుకు సంబంధించినవని ఒకరు, వాన కొలిచేవని ఒకరు. పెట్టె ఉన్న పొలం వాళ్ళనే అడిగాను. "గవర్నమెంటోళ్ళు సంతకం పెట్టమన్నారు, పెట్టాం. ఏందీ ఎందుకూ అని అడిగితే ఇంకో కాయితం మీద పెట్టమంటారని అడగలా" అన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదండీ. అవేమిటో, లోపల ఏముందో, దయచేసి మా పాఠకులకు తెలియజేయండి.

ఉంటాను,
పుల్లారావు.

తా.క.: అవి కెమెరాలని ఎవరో చెప్పిన నాటి నుంచీ మా సర్పంచి గారు ఆ గట్టు మీద నడిచేటప్పుడు చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటున్నారు. నాలుగో నంబరు పెట్టెకు నమస్కారం కూడా పెట్టారని విన్నాను.

*

ఎలుకల నివారణ విభాగం,
వ్యవసాయ పరిశోధన కేంద్రం,
నవంబరు 7.

శ్రీ పుల్లారావు గారికి,

విషయం: రొంపిచెర్ల మాగాణుల్లోని పెట్టెల గురించి.
సూచిక: తమరి నాలుగో తేదీ ఉత్తరం.

తమరి ఆసక్తికి సంతోషం. మీ పత్రికలో వేయడానికి ఏడు పేరాల వ్యాసం రాసి దీనితో జతపరుస్తున్నాను. మొదటి రెండు పేరాల్లో వరి సాగులో నష్టాల చరిత్ర ఉంది. మూడు, నాలుగు పేరాల్లో పెట్టెల కొలతలు, గొట్టాల ఎత్తు. ఐదులో మేము లెక్క తీసే పద్ధతి. ఆరో పేరాలో ఈ మూడేళ్ళలో పెట్టెల కింద 412 పుర్రెలు సేకరించి ప్రయోగశాలలో భద్రపరిచామన్న వివరం.

అసలు ఫలితం ఏడో పేరాలో ఉంది. ఆ పెట్టెలు గుడ్లగూబలు గూడు పెట్టుకోవడానికి పెట్టినవని, గుడ్లగూబలు ఎలుకలను తింటాయని, ఆ పుర్రెలన్నీ ఎలుకలవేనని, ఐదో నంబరు పెట్టెలో ఇప్పుడు నాలుగు పిల్లలున్నాయి కాబట్టి అవి ఎగిరే దాకా ఎవరూ దాన్ని కదిలించవద్దని అందులో రాశాను. ముందు ఆధారాలు, చివర ఫలితం. మేము చదువుకున్న పద్ధతి అది.

ఒక్క అక్షరం కూడా మార్చకుండా ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయురాలు,
షెర్లీ.

తా.క.: వ్యాసంలో 'కావచ్చు' అనే మాట పద్నాలుగు చోట్ల ఉంది. దయచేసి ఒక్కటి కూడా తీయవద్దు.

*

రొంపిచెర్ల,
నవంబరు 11.

డాక్టర్ గారికి,

తలవంచుకుని రాస్తున్నాను. మీ వ్యాసం ఒక్క అక్షరం మార్చకుండా డెస్కుకు పంపాను. నేను చేసిన తప్పు అదే.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి నరసరావుపేట నుంచి ఒక చీరల షోరూము వాళ్ళ యాడ్ వచ్చింది. యాడ్ వస్తే వార్త జరగాలి. మా పత్రికలో చోటు చాలకపోతే డెస్కు వాళ్ళు వార్తను కింద నుంచి కోస్తారు. ముఖ్యమైనది ఎప్పుడూ పైనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. విలేకరులందరం అలాగే రాస్తాం కాబట్టి చదివి చూసే అలవాటు వాళ్ళకు లేదు. ఏడో పేరా పోయింది. హెడ్డింగు పెట్టేవాడు మిగిలిన దాంట్లో చివరి వాక్యం చూసి పెట్టాడు: "రొంపిచెర్ల మాగాణుల్లో 412 పుర్రెలు".

పొద్దున ఏడింటికల్లా టీ కొట్టు దగ్గర యాభై మంది. ఎస్సై గారు వచ్చి, "ఏందయ్యా పుల్లారావూ, నాకు చెప్పకుండా పేపర్లో ఏస్తావా?" అని గట్టిగా అడిగారు. అవి ఎలుకలవని చెప్పాను. "మరి పేపర్లో అట్లా లేదే" అన్నారు. వార్త రాసింది నేనేనండీ అన్నాను. ఆయన నా వంక, పేపరు వంక మార్చి మార్చి చూసి చివరికి పేపరునే నమ్మారు.

మా ఊళ్ళో నవ్విన మనిషి ఒక్కతే, మా ఆవిడ తిరుపతమ్మ. పేపరు చదివి కడుపు పట్టుకుని నవ్వింది. ఎందుకే ఆ నవ్వు అంటే, "నీకు తెలవందేముంది, విలేకరివి గదా" అని పొయ్యి దగ్గరికి పోయింది.

వెంటనే ఒక సవరణ రాసి పంపండి. తప్పకుండా వేయిస్తాను.

సిగ్గుతో,
పుల్లారావు.

తా.క.: ఆరేళ్ళ కిందట ఇంట్లో పోట్లాడి చెప్పకుండా వెళ్ళిపోయిన మా పక్కింటి ఆయన, ఫోనులో మన వార్త చూసి నిన్న హైదరాబాదు నుంచి ఇంటికి ఫోను చేశాడట. ఆ 412లో తను లేనని చెప్పడానికి. వాళ్ళింట్లో మీకు దండాలు చెప్పమన్నారు.

*

వ్యవసాయ పరిశోధన కేంద్రం,
నవంబరు 13.

శ్రీ పుల్లారావు గారికి,

విషయం: సవరణ గురించి.

ఎస్సై గారు నిన్న మా ప్రయోగశాలకు వచ్చారు. పుర్రెల సీసాలు బల్ల మీద పెట్టి లెక్క చూసుకోమన్నాను. పంతొమ్మిది దాకా లెక్కపెట్టి టీ అడిగారు. డైరెక్టరు గారు నాకు మెమో ఇచ్చారు. ఇంకొక్క తప్పుడు వార్త వస్తే ఈ పరిశోధన ఆపేస్తామని అందులో ఉంది.

సవరణ జతపరిచాను. ఈసారి క్లుప్తంగా పదహారు వరుసలే. ముందుగా తమరి వార్త వెలువడిన తేదీ, పేజీ. తరువాత ఆ పుర్రెలు మనుషులవి కావన్న సంగతి. తరువాత పెట్టెల్లో ఉండేవి గుడ్లగూబలన్న సంగతి. చివర, ఆ పక్షులు ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తాయన్న సంగతి.

మీకు ఒక మాట చెప్పాలి. ఇది ప్రచురణకు కాదు. మూడేళ్ళలో పన్నెండు పెట్టెల్లోకీ ఒక్క ఐదో నంబరులోనే గుడ్లగూబ గుడ్లు పెట్టింది, మిగతా వాటి మీద వాలి పోతాయంతే. డిసెంబరు మొదటి వారానికి ఆ నాలుగు పిల్లలూ ఎగరాలి. ఆ లోపల ఎవరైనా భయపడి పెట్టె దించితే అవి చచ్చిపోతాయి. నా మూడేళ్ళ పనీ అక్కడితో సరి. నాకు భయంగా ఉంది.

భవదీయురాలు,
షెర్లీ.

తా.క.: మా ఇంటి ఓనరు గారు నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. సంచీతో మెట్లెక్కుతుంటే సంచీ వైపే చూస్తున్నారు. అందులో వంకాయలున్నాయి.

*

రొంపిచెర్ల,
నవంబరు 17.

డాక్టర్ గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నమస్కారంతో మొదలుపెడుతున్నాను.

మా పత్రికలో సవరణకు ఎనిమిది వరుసలు ఇస్తారు. ఇరవై రెండేళ్ళలో తొమ్మిదో వరుస నేను చూడలేదు. మీ పదహారులో పై ఎనిమిదీ వేశారు. అచ్చులో వచ్చింది ఇది: "ఈ నెల పదిన నాలుగో పేజీలో వెలువడిన వార్తకు సంబంధించి, ఆ 412 పుర్రెలూ మనుషులవి కావని శాస్త్రవేత్త తెలిపారు. పెట్టెలలో గుడ్లగూబలు ఉన్నాయని ఆమె స్పష్టం చేశారు."

అంతే. కింద ఇంకేమీ లేదు.

ముందు పుర్రెలొక్కటే ఉండేవి. ఇప్పుడు పుర్రెలతో పాటు గుడ్లగూబలు వచ్చాయి. నిన్న పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది. "మనుషులియి కాదంట. మరి దేనియంట? చెప్పలేదంటే ఏందో ఉంది" అని ఒకరు. "ఆ పిట్ట ఇంటి మీద వాలితేనే కీడంటారే, గవర్నమెంటు వాటికి ఇళ్ళు కట్టిస్తదా?" అని ఇంకొకరు. ఐదో నంబరు పెట్టె ఉన్నది వీరరాఘవమ్మ గారి పొలంలో. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆవిడ మాటకు ఊళ్ళో ఎదురు లేదు. "వచ్చే ఆదివారం దాకా చూస్తా. ఆ తర్వాత నేనే గడ్డపార పట్టుకుపోయి దించుతా" అని లేచి వెళ్ళిపోయింది. ఆదివారం అంటే ఇరవై మూడు. మనకు ఆరు రోజులుంది.

నా తప్పు నేను దిద్దుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. నాకిప్పుడు వార్త ధ్యాస పోయి ఆ పక్షి ధ్యాస పట్టుకుంది. కళ్ళు కనపడని చీకట్లో వరి దుబ్బుల కింద ఎలుకను అది ఎలా కనిపెడుతుంది? పుర్రెతో సహా మింగితే గొంతుకు అడ్డం పడదా? మింగిన పుర్రె చితక్కుండా మీ సీసాలోకి ఎలా వచ్చింది? మీ ఏడు పేరాల్లో ఈ సంగతులు ఒక్కటీ లేవు! నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవే. ఊరు తెలుసుకోవాలనుకునేవీ ఇవే.

ఈసారి ఉత్తరం చివరి నుంచి మొదలుపెట్టండి. డైరెక్టరు గారికి రాసినట్టు వద్దు, మీ అమ్మగారికి చెప్పినట్టు రాయండి. వీలైతే ఆ పుర్రెలు దొరికే చోటు నుంచి ఏదైనా ఒకటి పంపండి, కళ్ళతో చూస్తాను.

మీ వాడిని,
పుల్లారావు.

తా.క.: సర్పంచి గారు పెట్టెలో గుడ్లగూబ ఉందని తెలిసి చాలా బాధపడ్డారు. నమస్కారాలు వృథా అయ్యాయని.

*

వ్యవసాయ పరిశోధన కేంద్రం,
నవంబరు 19.

పుల్లారావు గారికి,

ఎలుకలు.

అలా మొదలుపెట్టమన్నారు, పెట్టాను. ఆధారాలు లేకుండా ఫలితం ముందు రాసేస్తే, తల దువ్వుకోకుండా వీధిలోకి వచ్చినట్టుంది నాకు.

ఇక మీ ప్రశ్నలు. గుడ్లగూబ ఎలుకను చూసి పట్టనక్కరలేదు, విని పడుతుంది. దాని ముఖం పళ్ళెంలా ఉంటుంది కదా, ఆ పళ్ళెం చప్పుడును పోగుచేసి చెవుల్లోకి పంపుతుంది. ఒక చెవి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉంటాయి. అందుకే ఎలుక గడ్డి కొరికిన చప్పుడు ఎంత దూరం నుంచి, ఏ పక్క నుంచి వచ్చిందో దానికి తెలిసిపోతుంది. ఎలుకను నమలదు, అలాగే మింగుతుంది. మాంసం అరిగిపోతుంది. వెంట్రుకలూ ఎముకలూ అరగవు. వాటిని కడుపులోనే ఉండ చుట్టి నోటి నుంచి బయటికి వదిలేస్తుంది. ఆ ఉండ విప్పితే పుర్రెలు చెక్కుచెదరకుండా దొరుకుతాయి. పిల్లలున్న జంట రోజుకు పది ఎలుకల దాకా తేవచ్చు. ఈ ఒక్క 'వచ్చు' మాత్రం ఉంచండి.

మూడు ఉండలు మిఠాయి డబ్బాలో పెట్టి మోయిన్ చేతికి ఇస్తున్నాను.

నేను పత్రికలంటే ఎందుకు భయపడతానో కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విలేకరి ఏదో పురుగు గురించి అడిగితే, ఇంకా తెలియదు, పరిశీలిస్తున్నాం అన్నాను. మర్నాడు నా ఫొటో వేసి "ఏమీ తెలియదన్న శాస్త్రవేత్త" అని హెడ్డింగు పెట్టారు. అది చూసి మా నాన్న రెండు రోజులు అన్నం తినలేదు. అప్పటి నుంచి నేను మాట్లాడటం మానేసి పేరాలు రాయడం మొదలుపెట్టాను. ఒక విలేకరి నన్ను పక్షి చెవుల గురించి అడగడం ఇదే మొదటిసారి. మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

ఆదివారం లోపల ఏదో ఒకటి చేయండి.

షెర్లీ.

తా.క.: డైరెక్టరు గారు ఈ ఉత్తరంలో 'కావచ్చు' తక్కువైందని తన కలంతో నాలుగు చేర్చబోయారు. ఎక్కడ పెట్టాలో చోటు దొరక్క కింద విడిగా రాశారు. మీకు తోచిన చోట పెట్టుకోండి: కావచ్చు, కావచ్చు, కావచ్చు, కావచ్చు.

*

రొంపిచెర్ల,
డిసెంబరు 5.

షెర్లీ గారికి,

ఐదో నంబరు పెట్టె నిలబడింది! ముందుగా అది చెప్పి, ఆ తర్వాత ఎలా నిలబడిందో చెబుతాను.

మీ మిఠాయి డబ్బా వచ్చిన రోజు నేను నరసరావుపేట మీటింగుకు పోయాను. తిరిగొచ్చేసరికి మా వంటింట్లో గిన్నెడు గోరువెచ్చని నీళ్ళలో మీ ఉండ ఒకటి నానుతోంది. చింతపండు అనుకుని పులుసుకు నానబెట్టింది కాబోలు అనుకున్నాను. అరిచేలోగా తిరుపతమ్మ చీపురుపుల్లతో దాన్ని చిన్నగా విప్పుతూ, వెంట్రుకలు ఒక పక్కకు, ఎముకలు ఒక పక్కకు తీసి పళ్ళెంలో పేరుస్తోంది. నాలుగు పుర్రెలు! నానబెట్టాక తప్పు తెలుసుకుని ధైర్యంగా సర్దుకున్నదని మెచ్చుకున్నాను. ఆవిడ నా వంక అదోలా చూసింది.

ఆ పళ్ళెం తీసుకుని వీరరాఘవమ్మ గారింటికి పోయాం. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని ఒక పుర్రె వేళ్ళ మధ్య పట్టుకుంది. ముందు పళ్ళు రెండు, పొడుగ్గా, పసుపుపచ్చగా. "ఓసి దీని దుంప తెగ! ఈ పళ్ళు నాకు తెలవకేం! నిరుడు నా వడ్ల గోతాలన్నీ కొరికింది ఇయ్యే గదంటే" అంది. మిగతా మూడూ చూసింది. "ఇయ్యన్నీ ఒక్క పిట్టేనా తిన్నది? ఒక్క పూట్లోనా?" అంది. నేను మీ చెవుల సంగతి, పళ్ళెం ముఖం సంగతి చెప్పాను. విని పుర్రెను తిరిగి పళ్ళెంలో పెట్టింది. "మరి ముందే చెప్పి చావొచ్చు గదరా పుల్లారావూ, పుర్రెలూ పుర్రెలూ అని ఊరంతా హడలగొట్టకపోతే" అని లేచింది. ఆదివారం గడ్డపార పట్టుకుని వెళ్ళింది నిజమే. గొట్టం కదులుతోందని దాని మొదలు చుట్టూ మట్టి కూరి గట్టి చేసి వచ్చింది.

వార్త కూడా వచ్చింది. మొదటి మాట 'ఎలుకలు'. ఈసారి కళ్ళజోళ్ళ షాపు యాడ్ వచ్చి కింద రెండు పేరాలు పోయాయి. పోయినవి డైరెక్టరు గారి నాలుగు 'కావచ్చు'లు మాత్రమే, ఎందుకైనా మంచిదని వాటిని చివరన పెట్టాను. పెట్టెలు లేని నాలుగు పొలాల్లో కూడా మీరు ఎలుక బొరియలు లెక్కపెడుతున్నారని మోయిన్ గారు చెప్పారు. ఆ సంగతి మాత్రం నేనే రాయలేదు. ఏమీ లేని చోట వార్త ఏముంటుంది?

ఊళ్ళో ఇప్పుడు గుడ్లగూబల గురించి తప్ప మాట లేదు. నిన్న నేను కూడా ఒక పెట్టె చేయించి మా రెండెకరాల్లో బిగించాను. తిరుపతమ్మ గట్టు మీద నాకు అడ్డం నిలబడి, "మన పొలంలో వద్దయ్యా, ఒక్కసారి నా మాట ఇను" అంది. ఎందుకే అంటే చెప్పదు. గుడ్లగూబంటే లోపల భయం ఉంది కావచ్చు. ఆడవాళ్ళ భయాలు పోగొట్టడం కూడా పత్రికల పనే అని చెప్పి బిగించేశాను.

సంతోషంతో,
పుల్లారావు.

తా.క.: ఎస్సై గారు స్టేషను ఆవరణలో ఒక పెట్టె పెట్టించాలని అడుగుతున్నారు. ఫైళ్ళు ఎలుకలు కొట్టేస్తున్నాయట. కొన్ని ఫైళ్ళను మాత్రం కొట్టేయనివ్వమని మా ఊరివాళ్ళు కోరుతున్నారు.

*

వ్యవసాయ పరిశోధన కేంద్రం,
డిసెంబరు 6.

పుల్లారావు గారూ,

మొన్న మీరు బిగించిన పెట్టెను, ఈ ఉత్తరం చదవడం ఆపి, వెంటనే దించేయండి. కారణం తర్వాతి పేరాలో ఉంది.

పెట్టెలున్న పొలాల్లో ఎలుకలు తగ్గాయని నేనంటే చాలదు. పెట్టెలు లేని చోట ఎన్ని ఉన్నాయో చూపించాలి. లేకపోతే ఆ యేడు అన్ని చోట్లా తగ్గాయేమోనని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. అందుకే నాలుగు పొలాలను ఖాళీగా ఉంచాను. ఏమీ లేని ఆ నాలుగు పొలాలే నా పరిశోధనలో సగం. చివరి లెక్క డిసెంబరు 15న, కోతకు ముందు. ఆ నాలుగింటిలో మూడో పొలం మీదే.

మూడేళ్ళుగా మీ రెండెకరాల్లో ఎలుక బొరియలు లెక్కపెడుతున్నాను. పొలం తిరుపతమ్మ గారి పేరున ఉంది, సంతకం ఆవిడే పెట్టారు. ఊళ్ళో పదహారు మంది సంతకం పెడితే, ఇదేమిటని నన్ను అడిగింది ఆవిడ ఒక్కరే. గట్టు మీద కూర్చోబెట్టి గుడ్లగూబ సంగతి, ఉండల సంగతి, ఖాళీ పొలం సంగతి అన్నీ చెప్పాను. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విప్పడం కూడా నేనే నేర్పాను. ఇప్పటికి వందకు పైగా ఉండలు విప్పి ఉంటారు. మా ప్రయోగశాలలో అంత నిదానం ఎవరికీ లేదు. అంతా విని ఆవిడ ఒక్క మాట అడిగారు: "మా ఆయన పేపరోడమ్మా. ఆయనకు మాత్రం చెప్పమాకండి. చెప్తే ఏస్తాడు, ఏస్తే పదిమంది వచ్చి చేనంతా తొక్కుతారు." నేను మాట ఇచ్చాను. అందుకే మీ మొదటి ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాను. మీరు నన్ను అడిగినవన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి. మీరు ఆవిడను అడగలేదు.

నన్ను కూడా తిట్టుకోవలసిందే. ఖాళీ పొలాల గురించి మీకు ఒక్క ముక్క రాసి ఉంటే మీరు పెట్టె చేయించేవారు కాదు. చదివేవాళ్ళకు విసుగని వదిలేశాను. మీరూ అందుకే వదిలేశారు. ఇద్దరం ఒకే తప్పు చేశాం.

ఐదో నంబరులో నాలుగు పిల్లలూ నిన్నటితో ఎగిరిపోయాయి. ఖాళీ పెట్టె కింద నిలబడి చాలాసేపు ఏడ్చాను. అది సంతోషమే. మీరు లేకపోతే ఆ పెట్టె ఉండేది కాదు.

పదిహేనో తేదీ దాకా మీ వరిని ఎలుకలు తింటుంటే చూస్తూ ఊరుకోండి. ఆ తర్వాత వచ్చి, ఏమీ లేని పొలం మీద ఒక వార్త రాయండి. ఎలా మొదలుపెడతారో చూడాలని ఉంది.

మీ స్నేహితురాలు,
షెర్లీ.

తా.క.: ఈ ఉత్తరాన్ని మోయిన్ మీ చేతికి ఇవ్వడు. తిరుపతమ్మ గారు పేపరు మనిషి కాదు కాబట్టి పొద్దున ఆవిడకు ఫోను చేశాను. ఉత్తరం తన చేతికే ఇమ్మన్నారు, పెట్టె దించాకే మీకు ఇస్తానన్నారు. మీరు ఈ వాక్యం చదువుతున్నారంటే పెట్టె దిగిపోయినట్టే.